చింతపండు గోదాములో మూడో రీలు

క్రితం నెల అరకు నుంచి ఒక ఫోను వచ్చింది. చేసినామె పేరు సునీత. అక్కడి కాలేజీలో చరిత్ర పాఠం చెబుతుందట. పిల్లలతో కలిసి పాత సినిమాలు చూసే సంఘం ఒకటి పెట్టుకున్నారు, ఈసారి ఆ నేతగాడి సినిమా వేస్తున్నారు, దాని గురించి తెలుగులో మాట్లాడాలంటే మీరు తప్ప ఇంకెవరున్నారండీ అంది. ఈ మాట నాతో చాలామంది అన్నారు. అన్న ప్రతిసారీ నేను కాదనకుండా తల ఊపుతూ వచ్చాను. ఆ రోజూ ఊపాను. ఫోను పెట్టేయబోతూ ఆమె, "మా అమ్మమ్మకి మీరు తెలుసండి. మీ నాన్నగారి గోదాములోనే చూసిందట ఆ సినిమా. సగం చూసిందట" అంది. ఆ సగం ఏదో నాకు తెలుసు. "నువ్వు బుద్రి మనవరాలివా అమ్మా?" అన్నాను. "మీ దుకాణంలో అలాగే పిలిచేవారటండి" అని ఆమె నవ్వింది.

సినిమా పేరు ఇక్కడ రాయను. రాస్తే మీరంతా పోయి చూసి, నేను చెప్పినదాంట్లో తప్పులు పడతారు. నేను ఒప్పుకోవలసిన తప్పులు ఈ అధ్యాయానికి సరిపడా ఇప్పటికే ఉన్నాయి.

మాది సాలూరు. నాన్న వ్యాపారం మాత్రం కొండ మీద. పాచిపెంట దాటి ఘాట్ ఎక్కాక ఒక సంత ఊరు ఉంది, అక్కడ మా ఇల్లు: ముందు దుకాణం, వెనక వంటిల్లు, పక్కన రేకుల గోదాము. కొత్త చింతపండు దిగిన నెలల్లో ఇంట్లో గాలి కూడా పుల్లగా ఉండేది. మంచినీళ్ళు తాగినా చారు తాగినట్టే ఉండేది. పసుపు కాలంలో ఇంకో కథ. మా ఇంట్లో తెల్లబట్ట అనేది నిలిచేది కాదు. నాన్న పంచెలన్నీ ఎప్పుడూ నిన్ననే పెళ్ళయినవాడి పంచెల్లా ఉండేవి. ఆయన చింతపిక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని, అది ఏ ఊరి చెట్టుదో చెప్పగలిగేవాడు. అదే మనిషికి ఆ చింతపండు తెచ్చినవాళ్ళ పేర్లు మాత్రం గుర్తుండేవి కావు. సరుకును బట్టే మనిషి: పసుపు బుద్రి, తేనె దాసు, అడ్డాకుల సోమన్న. పిలిస్తే వాళ్ళూ పలికేవారు. సంత రోజున మాకు భోజనం మూడు దాటాకే. అప్పటిదాకా అమ్మ వంటింటి గుమ్మంలో పెద్ద కుండతో మా వైపు చోడంబలి అనే రాగిజావ పెట్టుకుని కూర్చునేది. దూరపు ఊళ్ళ నుంచి దిగొచ్చిన ఆడవాళ్ళు గంప దింపి ఒక ముంత తాగి, ఆ తర్వాతే బేరానికి వచ్చేవారు.

సాలూరులో మా మేనమామకు టూరింగు టాకీసు ఉండేది. అది మూతపడ్డాక అందులోని చిన్న ప్రొజెక్టరు, జెనరేటరు మా గోదాముకు చేరాయి. సంత రోజున సినిమా వేస్తే జనం పక్క దుకాణానికి పోకుండా మా దగ్గరే ఉంటారని నాన్న ఆలోచన. అయితే చీకటి పడేలోగా వాళ్ళు కొండెక్కిపోవాలి, అందుకని ఆట మిట్టమధ్యాహ్నమే. కిటికీలకి గోనెసంచులు కట్టేవాళ్ళం. రెండు పంచెలు కలిపి కుట్టి తెర చేశాం. ఎంత నీలిమందు పెట్టినా వాటి రంగు పోలేదు. నేతగాడి సినిమా నలుపు తెలుపు సినిమా అని నేను ఆ తర్వాతెప్పుడో పట్నంలో చూసి తెలుసుకున్నాను. మా గోదాములో అది నలుపు పసుపు సినిమా.

అప్పటికి నాకు ఇరవయ్యేళ్ళు. విజయనగరంలో బి.ఏ. తప్పి వచ్చాను. ఆ సంగతి కొండ మీద ఎవరికీ తెలియదు కనుక అక్కడ నేను మహా చదువరిని. మామయ్య ఆ ప్రింటు ఎందుకు చవగ్గా ఇచ్చాడంటే, అది ఉత్తరాది భాష. సాలూరులో ఒక్క ఆట ఆడి ఆగిపోయింది. గోదాములో కూర్చునే వాళ్ళకి ఆ భాష రాదు. నాకూ రాదు. ప్రొజెక్టరు ఒకటే కాబట్టి రీలు రీలుకీ మధ్య పది నిమిషాల విరామం. ఆ పది నిమిషాలూ నేను పక్కన నిలబడి జరిగిన కథా, జరగబోయే కథా చెప్పేవాణ్ణి. రీలు తిరుగుతుండగా కూడా చెప్పేవాణ్ణి. తెర మీద ఎవరైనా రెండు నిమిషాలు మాట్లాడకుండా ఉంటే నాకు ఊపిరాడేది కాదు, వాళ్ళ తరఫున నేను మాట్లాడేవాణ్ణి. నా గొంతు వల్ల ఎన్ని మంచి సినిమాల నిశ్శబ్దం పాడైందో తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ సినిమాలో ఒక నేతగాడి ఇల్లు, ఇల్లంతా కలిపి ఒక వాకిలి, ఒక వసారా. వసారాలో నేల తవ్వి దించిన గుంట మగ్గం. ఆ గుంటలో కాళ్ళు పెట్టుకుని ముసలాయన నేస్తుంటాడు. కెమెరా ఆయన కూర్చున్న ఎత్తులోనే ఉంటుంది, అంటే దాదాపు నేల మీద. ఇంటికి ఎవరొచ్చినా ముందు పాదాలు కనబడతాయి. పన్ను వసూలు చేసేవాడి కిర్రుచెప్పులు, కోడలి తడి కాళ్ళు, బడి ఎగ్గొట్టిన కొడుకు మడమల బురద. మనుషులు తలుపు దాటి వెళ్ళిపోతే కెమెరా వాళ్ళ వెంట పోదు. ఖాళీ వాకిలినే చూస్తూ ఉండిపోతుంది. పడుగు దారాల సందుల్లోంచి వెనక వంటిల్లు కనబడుతుంది, పొయ్యి దగ్గర కోడలు దారానికీ దారానికీ మధ్య ముక్కలు ముక్కలుగా కదులుతుంది. తగవు ఒక్కటీ చూపించడు దర్శకుడు. మగ్గం చప్పుడు తడబడుతుంది, అంతే. ఎక్కడో లోపల ఎవరో ఎవర్నో ఒక మాట అన్నారని మనకి తెలిసిపోతుంది. ముసలాయన ముఖం మొదటి రీలులో ఒక్కసారి చూపించి వదిలేస్తాడు. ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. ఆనాడు నేను చూసిందేమిటంటే, కెమెరా పట్టుకున్నవాడికి స్టాండు పొడుగు చేయడం రాలేదని. జనంతో అదే అన్నాను కూడా.

ఐదు రీళ్ళ సినిమా. సాలూరు నుంచి బస్సులో నాలుగే దిగాయి. మూడోది రాలేదు. నాన్న ఆట మానేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు, ఒక రీలు లేకపోతేనేం, నేనున్నాను కదా. రెండో రీలు అయిపోగానే లేచి నిలబడి మూడో రీలు నోటితో ఆడించాను. ముసలాయన ఊరొదిలి కాశీకి బయలుదేరాడన్నాను. దారిలో అడవి పెట్టాను. అడవి పెట్టాక పులిని పెట్టకుండా ఉండలేకపోయాను. పులి దగ్గర జనం బాగా ముందుకు జరిగేసరికి, ఇద్దరు దొంగలనీ ఒక తెల్లగుర్రాన్నీ కూడా దించాను. ముసలాయన పులిని మగ్గం కర్రతో కొట్టి, గుర్రమెక్కి కాశీకి పోయాడు. నాన్న తక్కెడ వదిలేసి గుమ్మంలో నిలబడి విన్నాడు. బి.ఏ. తప్పిన కొడుకు మీద ఆయనకి మొదటిసారి గౌరవం కలిగిన రోజు అది.

నాలుగో రీలు ఎక్కించాను. అదే వాకిలి, అదే వసారా, మగ్గం చప్పుడు లేదు. నేను చెప్పిన కథకి అతికినట్టే ఉంది. ముసలాయన కాశీలో ఉన్నాడని ఒకటికి రెండుసార్లు అన్నాను. అప్పుడు పసుపు బుద్రి, ముందు వరసలో తన ఖాళీ గంప పక్కన కూర్చుని ఉన్న మనిషి, వెనక్కి తిరిగి అంది:

"కాశీ కాదు బాబూ. ముసిలోడు సచ్చిపోనాడు."

మూడో రీలు నువ్వెప్పుడు చూశావని అడిగాను. చూడలేదంది.

"ఇందాకటి దాకా కూకున్నోడు సూసినాడు. ఇప్పుడు నించున్నోడు సూత్తన్నాడు. కూకున్నోడు లేడు."

తెర వైపు చూశాను. నిజమే, వాకిలి ఇప్పుడు పైనుంచి కనబడుతోంది. మనుషులకి తలలొచ్చాయి. గోడ అవతల వీధి ఉంది. ఆమె చెప్పింది నాకు ఒక్క క్షణంలో అర్థమైంది. అర్థమైనందుకే కోపం వచ్చింది. ఆమె అనే దాకా నాకు తట్టలేదన్న సంగతి గోదాములో అందరికీ తెలిసిపోతుందేమో అనిపించింది. ఆమె యాసలోనే ఆమెను వెక్కిరిస్తూ, పసుపు అమ్ముకునేదానికి సినిమా ఏటి తెలుస్తాదన్నాను. జనం నవ్వారు. ఆమె నవ్వలేదు, మాట మార్చుకోలేదు కూడా. నేను వెళ్ళి మిషను ఆపాను. ముసలాయన కాశీకి పోయాడని బుద్రి ఒప్పుకుంటేనే రీలు తిరుగుతుందన్నాను.

మొదట అదో సరదా అనుకున్నారు. కాసేపటికి గొణుగుళ్ళు మొదలయ్యాయి. కొందరివి రెండు కొండల అవతల ఊళ్ళు, పొద్దు ఆగదు. ఆమె పక్కనున్నవాళ్ళు ఒప్పేసుకోమని చెయ్యి పట్టి లాగారు. ఆమె గోనెసంచి సందులోంచి పడుతున్న ఎండని చూసింది. తర్వాత నన్ను చూసింది.

"సరే బాబూ. కాశీకే పోనాడు" అంది. గంప ఎత్తుకుని బయటికి వెళ్ళిపోయింది. ఇంకా రీలున్నర సినిమా ఉంది. ఆమె చూడలేదు.

మూడో రీలు తర్వాతి సంతకి వచ్చింది. కండక్టరు సీటు కింద పెట్టి మరిచిపోతే అది కొరాపుట్ దాకా పోయి తిరిగొచ్చిందట. మధ్యాహ్నం దుకాణం కట్టేసిన వేళ ఒక్కణ్ణే గోదాములో వేసుకుని చూశాను. మగ్గం చప్పుడు నడుస్తూ నడుస్తూ ఉంటుంది. మన చెవికి అలవాటై వినబడడం మానేస్తుంది. అప్పుడు ఆగుతుంది. ఎవరూ ఏడవరు. కోడలి పాదాలు వచ్చి గుంట అంచున నిలబడతాయి. కెమెరా అంతసేపూ కదలనిది, మెల్లగా లేస్తుంది. పడుగు దాటి, గోడ ఎత్తు దాటి, ఊరి కప్పులు కనబడే దాకా. కూర్చున్నవాడు లేడు. బుద్రి చెప్పినట్టే. నేను మిషను ఆపి, రీలు డబ్బాలో పెట్టి, అది దారిలో కాలిపోయిందని అందరికీ చెప్పాను. ఆ వారం బుద్రి పసుపు తెచ్చినప్పుడు బస్తాల వెనక్కి పోయి కూర్చున్నాను. పులి కోసం ఆ సినిమా మళ్ళీ వేయమని జనం చాలా సంతలు అడిగారు.

ఇక్కడితో ఆగి ఉంటే అది కుర్ర పొగరని సర్దుకునేవాణ్ణి. కొన్నేళ్ళకి విశాఖపట్నంలో ఒక పత్రికలో చేరాను. సినిమా పేజీకి వ్యాసం తక్కువైన ఒక వారం, 'కూర్చున్న చూపు' అని రాశాను. కెమెరా ఎత్తు ఎవరిదో కనిపెడితే కథ ఎవరిదో తెలుస్తుందని అందులో సారాంశం. దానికి ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చాయి. పిల్లల పాఠ్యపుస్తకంలోకి వెళ్ళింది. అది చదివి సినిమా తీయడం నేర్చుకున్నామని ఇద్దరు ముగ్గురు దర్శకులు నా కాళ్ళకి దండం పెట్టారు. ఇప్పటిదాకా నాకు కప్పిన శాలువలతో మా గోదాము కిటికీలన్నీ కట్టొచ్చు. ఆ ఆలోచన మీకెలా వచ్చిందని ఒక రేడియో అమ్మాయి అడిగితే, ఒక వాన మధ్యాహ్నం ఏకాంతంలో స్ఫురించిందన్నాను. ఏకాంతం అన్న మాట దగ్గర గొంతు కూడా తగ్గించాను.

అరకు వెళ్ళే రోజున సంచిలో రెండు కాగితాల కట్టలు పెట్టుకున్నాను. ఒకటి ఎప్పుడూ చదివే ప్రసంగం, రెండోది నిజం. ఏది తీస్తానో అక్కడికి వెళ్ళే దాకా నాకే తెలియదు. సునీత ముందుగా తన క్వార్టరుకి తీసుకెళ్ళింది. ముసలమ్మ వాకిట్లో గోనెపట్టా మీద కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తోంది. నన్ను కిందనుంచి పైకి చూసింది.

"నువ్వూ ముసిలోడివైపోనావు బాబూ" అంది.

"మీరు బాగున్నారా బుద్రమ్మా?" అన్నాను. ఆమె లోపలికి కేకేసింది: "ఇదిగో గుంటా, సావుకారి బాబు నన్ను 'మీరు' అంటన్నాడు." వాళ్ళ ఇంట్లో అంతా బయటికి వచ్చి నన్ను చూశారు. ఇలాంటి వింత ఏదో జరుగుతుందని ముందే చెప్పి ఉంచినట్టు చూశారు.

నేను కూర్చుని, గొంతు సవరించుకుని, ఎన్నో ఏళ్ళుగా మీకొక మాట చెప్పాలనుకుంటున్నాను అని మొదలుపెట్టాను. ఆమె ఆపింది. ముందు తనకో సంగతి తెలియాలట. ఆ పులి తర్వాత ఏమైందట. తన పిల్లలకీ మనవలకీ ఆ కథ చెప్పే పెంచిందట, వాళ్ళు అడిగినప్పుడల్లా పులి ఎటు పోయిందో చెప్పలేకపోతోందట.

"పులి లేదమ్మా. నేను పెట్టాను."

"మరి దొంగలు?"

"వాళ్ళనీ నేనే పెట్టాను."

ఆమె కాయ ఒలవడం ఆపింది. "తెల్లగుర్రం?"

నేను తల దించుకున్నాను. ఆమె సునీత వైపు తిరిగి, "మరింక ఆ సినిమాలో ఏటున్నాదే?" అంది.

నా కన్నీళ్ళ కోసం దాచుకున్న సమయమంతా గుర్రానికి పోయింది. అయినా చెప్పాను. మూడో రీలు వచ్చిన సంగతి, దాచిన సంగతి, వ్యాసం, పాఠ్యపుస్తకం, శాలువలు. ఆమె మధ్యలో కాయలు ఒలుస్తూనే ఉంది. అంతా విని, "నా సేత కాశీ అనిపించినది ఒక్కడివి ఉన్నప్పుడు కాదు కదా బాబూ. అందరి ముందరా అనిపించినావు. నువ్వూ అందరి ముందరే సెప్పు" అంది. కోపంగా అనలేదు. సంచిలో ఏ కట్ట బయటికి రావాలో ఆమె తేల్చేసింది. హాలు దాకా ఉన్న నాలుగు అడుగుల్లో లెక్క వేసుకున్నాను. ఆ వ్యాసం తీసేస్తే నా పుస్తకాల్లో మిగిలేది ముందుమాటలే.

మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టారు. హాలు నిండా కాలేజీ పిల్లలు, వెనక కొందరు పెద్దవాళ్ళు. నేను మైకు ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. 'కూర్చున్న చూపు' నాది కాదు, బుద్రమ్మది. ఆమె చూపు తీసుకుని, ఆమెకి సినిమా లేకుండా చేశాను. క్షమించమని ఇంతమంది ముందు అడుగుతున్నాను. బుద్రమ్మ పేరు పది సార్లయినా పలికి ఉంటాను. పలికిన ప్రతిసారీ ఒక శాలువ దిగిపోతున్నట్టు ఉంది.

చెప్పడం అయ్యాక చప్పట్లు ఆగలేదు. నా జీవితంలో ఏ ప్రసంగానికీ అన్ని చప్పట్లు రాలేదు. వేదిక మీదున్న ప్రిన్సిపాలు గారు నా చేతులు పట్టుకుని, ఇంతటి వినయం ఈ రోజుల్లో ఎక్కడుందండీ అన్నారు. ఒక కుర్రాడు లేచి, "బుద్రమ్మ అంటే మీ అంతరాత్మా సార్?" అని అడిగాడు. కాదు బాబూ, మనిషి, ఇక్కడే ఉంది అని ముందు వరస కుర్చీల వైపు చూపించాను. అందరూ అటు తిరిగారు. కుర్చీలో ఎవరూ లేరు. కుర్రాడు చాలా లోతుగా తల ఊపి కూర్చున్నాడు. ఆమె కుర్చీ వద్దని తెర ముందు నేల మీద కూర్చుని ఉంది. సునీత మైకు తీసుకెళితే చేత్తో తోసేసింది. "సినిమా ఎయ్యండే. బేగి ఎయ్యండి" అంది.

సినిమా వేశారు. ఇప్పుడు రీళ్ళు లేవు, విరామాలు లేవు. నాకు పని లేదు. తెర తెల్లగా ఉంది. నేను తెర కన్నా ఆమెనే ఎక్కువ చూశాను. మగ్గం ఆగినప్పుడు ఆమె కదల్లేదు. కెమెరా లేచినప్పుడు తల కొంచెం పైకెత్తింది. చివరిదాకా కూర్చుంది. ఆనాటి రీలున్నరా, మూడో రీలూ అన్నీ చూసింది. వెనకనున్న పెద్దవాళ్ళలో ఒకాయన మాత్రం బయటికి వస్తూ, పులి ముక్క కోసేశారు, సర్కారోళ్ళు ఏదీ పూర్తిగా చూపించరు అని సణుగుతున్నాడు. ఆ కథ అన్ని కొండలు దాటిందని నాకు అప్పుడే తెలిసింది.

బయట కాఫీ ఇచ్చారు. ఆమె పక్కన మెట్ల మీద కూర్చుని ఎలా ఉందని అడిగాను. బాగుందంది. కాఫీ గ్లాసు ఖాళీ చేసి, "నించున్నోడికి ఇల్లు అవుపడదు బాబూ" అంది.

నేను గ్లాసు కింద పెట్టాను. ఆమె చెప్పింది ఇంతే: కూర్చున్నవాడికి ఎవరి కాలు నొస్తోందో తెలిసేది, పొయ్యి ఎప్పుడు ఆరిందో తెలిసేది. నిలబడ్డవాడు ఊరంతా చూశాడు. కోడలు అన్నం తినలేదని చివరి దాకా చూడలేదు. ముసలాయన పోయాక ఆ ఇంట్లో ఎవరూ కూర్చోలేదు, అదే సినిమా. ఆ లేచే కెమెరాను విముక్తి అని నేను నలభై ఏళ్ళుగా రాస్తున్నాను. పాఠ్యపుస్తకంలో దాని మీద మూడు మార్కుల ప్రశ్న కూడా ఉంది.

చెయ్యి దానంతట అదే జేబులోని పెన్ను దగ్గరికి పోయింది. పట్టుకుని ఆపాను. "ఈ మాట రాసుకోవచ్చా? ఈసారి మీ పేరు మీదే రాస్తాను" అన్నాను.

"ఏ పేరు?"

"అదే, బుద్రమ్మ అని."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. పళ్ళు లేవు, నవ్వు చాలాసేపు పట్టింది. "బుద్రి మా అక్క. మనువయి ఒడిశా ఎళ్ళిపోనాది. దాని గంప నేనెత్తుకొచ్చినాను. మీ అయ్య గంప సూసి, రా బుద్రీ అన్నాడు. నా పేరు సోంబారి."

అన్నేళ్ళు మా దుకాణానికి వచ్చి ఒక్కసారీ చెప్పలేదేమని అడిగాను. పోనీ అప్పుడు కాకపోయినా, ఇందాక హాల్లో, అంతమంది ముందు మైకులో నేను అన్నిసార్లు బుద్రమ్మ, బుద్రమ్మ అంటుంటే అప్పుడైనా ఒక్క మాట చెప్పకపోయారా అన్నాను.

"నువ్వు మాటాడతన్నావు కదా బాబూ" అంది సోంబారమ్మ.